లూపస్ ఉన్నవాళ్లకు ల్యాబ్‌ల 'కిడ్నీ ప్యాకేజీ' సరిపోతుందా? నెల్లూరు, ఒంగోలు కలెక్షన్ సెంటర్ల సేవపై సమీక్ష

నెల్లూరు పొగతోటలో ఏ సందులోకి తిరిగినా, ఒంగోలులో ఏ ఆస్పత్రి వీధిలోకి వెళ్లినా ఒక బోర్డు కనిపిస్తుంది: కిడ్నీ ప్రొఫైల్. అందులో ఉండేవి దాదాపు ఎక్కడైనా ఒకటే. యూరియా, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్, సోడియం, పొటాషియం, కాల్షియం, వీటికి తోడు ఒక మామూలు యూరిన్ పరీక్ష. పొద్దున్నే ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్తారు, సాయంత్రానికి రిపోర్టు ఫోన్‌లో పడుతుంది. కోవూరు నుంచో బుచ్చి నుంచో బస్సెక్కి రావాల్సిన మనిషికి ఇది చాలా పెద్ద సౌకర్యం, కాదనలేం. సేవ వేగానికి, మర్యాదకు మంచి మార్కులే ఇవ్వాలి. కానీ లూపస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద తిరగబడే జబ్బు, ఉన్న ఆడపిల్ల కిడ్నీ ఎలా ఉందో తెలుసుకోవడానికి మాత్రం ఈ ప్యాకేజీకి సగం మార్కులే. ముందుగా మారే వాటిని, అంటే మూత్రంలోని ప్రోటీన్, కణాలను, ఇది సరిగ్గా కొలవదు. ఆలస్యంగా మారే క్రియాటినిన్ వంటి వాటిని మాత్రం చక్కగా కొలుస్తుంది.

లూపస్‌లో కిడ్నీ దెబ్బతినేటప్పుడు నొప్పి ఉండదు. యాంటీబాడీలు, కాంప్లిమెంట్ అనే రక్తంలోని రక్షణ ప్రోటీన్లు కలిసి గుత్తులుగా గ్లొమెరులస్ అనే వడపోత ముడిలో దిగబడి అక్కడ వాపు తెస్తాయి. లూపస్ ఉన్నవాళ్లలో సగానికి అటూ ఇటూగా ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీ చిక్కు చూస్తారు, ఎక్కువమందికి అది జబ్బు బయటపడిన మొదటి అయిదేళ్లలోనే. మూత్రంలో నురగ, పొద్దున లేచేసరికి కనురెప్పల ఉబ్బు, బీపీ పెరగడం వంటివి కనిపించేసరికే ప్రోటీన్ చాలా పోతుంటుంది.

ప్యాకేజీలో అందరూ ముందు చూసే అంకె క్రియాటినిన్, కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం. 28 ఏళ్ల అమ్మాయికి అది డెసిలీటరుకు 0.7 మిల్లీగ్రాములు ఉంటే వడపోత వేగం అంచనా, అంటే ఈజీఎఫ్ఆర్, నిమిషానికి 120 మిల్లీలీటర్ల దగ్గర ఉంటుంది. అదే అమ్మాయికి 1.1 వస్తే ఈజీఎఫ్ఆర్ 70కి పడిపోయినట్టు. చాలా ల్యాబ్‌లు ఆడవాళ్లకు 1.1 వరకు నార్మల్ అనే వేస్తాయి కాబట్టి రిపోర్టులో ఎర్రక్షరం పడదు, బాణం గుర్తు రాదు. వడపోత శక్తి నూటికి నలభై పోయినా కాగితం మీద అంతా నార్మల్. అందుకే ఈ అంకెను ల్యాబ్ ఇచ్చే హద్దులతో కాకుండా ఆ మనిషి పాత అంకెతోనే పోల్చాలి. పాత రిపోర్టులు ఫోన్‌లో ఎక్కడో పోగొట్టుకోకుండా తేదీల వరసన ఒక ఫైల్లో పెట్టుకోవాలనేది ఇందుకే.

కనిగిరి, పామూరు వైపు వాళ్లకు ఇంకో మాట. అక్కడ ఫ్లోరైడ్ నీళ్లతో జనం పడ్డ బాధ తెలిసిందే, దాంతో కిడ్నీ అనగానే అందరి వేలూ నీళ్ల మీదికే పోతుంది. ఉద్దానంలో కనిపించే రకం కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ కొద్దిగానే ఉంటుంది, జబ్బు ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. పాతికేళ్ల అమ్మాయికి కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం, ఎండలోకెళ్తే ముఖం మీద దద్దు, వాటితోపాటు ప్రోటీన్ గ్రాముల్లో పోతుంటే అది నీళ్ల వల్ల కాదు. ఆర్వో ప్లాంటు నీళ్లు తాగించి నెలలు గడిపేస్తే ఆ నెలలు మళ్లీ రావు.

ఇక ప్యాకేజీలోని యూరిన్ పరీక్ష. ఇందులో రెండు పనులున్నాయి. ఒకటి స్ట్రిప్‌తో ప్రోటీన్, రక్తం చూడటం. రెండోది మైక్రోస్కోపు కింద కణాలు, కాస్ట్‌లు (కిడ్నీలోని సన్న గొట్టాల్లో అచ్చుపోసినట్టు తయారయ్యే ముక్కలు) చూడటం. లూపస్‌కు రెండూ ముఖ్యమే, కానీ కలెక్షన్ సెంటర్ పద్ధతిలో రెండోదే ఎక్కువ దెబ్బతింటుంది. మూత్రం పట్టాక రెండు గంటల్లోపు చూడాలి, గంటలోపు చూస్తే ఇంకా మంచిది. నెల్లూరు ఎండలో గది వేడిమీద ఉంచితే బ్యాక్టీరియా పెరిగి మూత్రం క్షారం వైపు పోతుంది. క్షారంలో ఎర్రకణాలు పగులుతాయి, కాస్ట్‌లు కరిగిపోతాయి. ఇంటింటికీ తిరిగే అబ్బాయి ఏడు గంటలకు వేదాయపాళెంలో తీసుకున్న డబ్బా, మిగతా ఇళ్లన్నీ చూసుకుని పదిన్నరకు సెంటర్ చేరి, అక్కడి నుంచి మెయిన్ ల్యాబ్‌కు వెళ్లేసరికి చూడవలసినవి డబ్బాలోనే చెదిరిపోయి ఉంటాయి. రిపోర్టులో మాత్రం 'కాస్ట్స్: నిల్' అని వస్తుంది. ఆ 'నిల్' మాటకు విలువ లేదు. ప్రోటీన్ ప్రయాణాన్ని తట్టుకుంటుంది, కాస్ట్‌లు తట్టుకోవు.

కాబట్టి మైక్రోస్కోపీ కోసం ఇంటి దగ్గర శాంపిల్ ఇవ్వొద్దు. ల్యాబ్ ఎక్కడుందో అక్కడికే వెళ్లి, అక్కడి బాత్‌రూంలోనే పట్టి, చేతికిచ్చి రండి. అది రాత్రంతా బ్లాడర్‌లో నిలవ ఉన్న మూత్రం కానవసరం లేదు. పొద్దున రెండోసారి పోసేదైతే చాలు, కానీ తాజాగా ఉండాలి. మొదటి ధార వదిలేసి మధ్యధార పట్టాలి. నెలసరి రోజుల్లో వద్దు, ఆగిపోయిన రెండు మూడు రోజుల తర్వాతే. ల్యాబ్‌లో 10 మిల్లీలీటర్ల దాకా సెంట్రిఫ్యూజ్‌లో అయిదు నిమిషాలు తిప్పి, పైనీళ్లు వంచేసి, అడుగున మిగిలిన చుక్కను మనిషి కంటితో చూడాలి. చాలా చోట్ల ఇప్పుడు ఆటోమేటిక్ మెషీన్లు చూస్తున్నాయి. ఎర్రకణాల లెక్కకు అవి పర్వాలేదు కానీ ఎర్రకణాల కాస్ట్‌ను తప్పిపోతాయి, ఒంకర తిరిగిన కణాల ఆకారం చెప్పడంలోనూ నమ్మదగినవి కావు. కౌంటర్ దగ్గర అడగాల్సిన మాట ఒకటే: 'మాన్యువల్ మైక్రోస్కోపీ పాథాలజిస్టే చూస్తారా?' చూస్తామని చెప్పే ల్యాబ్ చిన్నదైనా, ఏసీ లేకపోయినా, ఆ ఒక్క పనికి పెద్ద బోర్డున్నదానికంటే అదే మేలు.

మైక్రోస్కోపు కింద వెతకాల్సింది ఏమిటంటే, ఒక ఫీల్డులో అయిదు కంటే ఎక్కువ ఎర్రకణాలు, వాటిలో బుడిపెలతో చెవులు మొలిచినట్టు కనిపించే అకాంథోసైట్లు, ఎర్రకణాలు ఇరుక్కున్న కాస్ట్‌లు. అకాంథోసైట్లు నూటికి అయిదు దాటితే ఆ రక్తం గ్లొమెరులస్ నుంచే వస్తోందని గట్టిగా అనుమానించవచ్చు, రాయి వల్లో ఇన్ఫెక్షన్ వల్లో కాదు. ఎర్రకణాల కాస్ట్ ఒక్కటి దొరికినా అదే పెద్ద ఆధారం.

పస్ సెల్స్, అంటే మూత్రంలోని తెల్లకణాల, గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే జనం ఎక్కువగా నష్టపోతున్నారు. రిపోర్టులో పస్ సెల్స్ 10-12 అని ఉంటే మెడికల్ షాపులోనే యాంటీబయాటిక్ చేతికొస్తుంది. లూపస్ నెఫ్రైటిస్‌లో, అంటే లూపస్ తెచ్చే కిడ్నీ వాపులో, ఇన్ఫెక్షన్ లేకుండానే తెల్లకణాలు మూత్రంలోకి వస్తాయి. మంట, జ్వరం లేకపోతే ముందు యూరిన్ కల్చర్, ఆ తర్వాతే మందు. కల్చర్‌లో ఏమీ పెరగకుండా పస్ సెల్స్ అలాగే ఉంటే, దాన్ని కిడ్నీ వాపు గుర్తుగా డాక్టర్ ముందు పెట్టాలి. స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకు నిజమైన ఇన్ఫెక్షన్ కూడా జ్వరం లేకుండా రావచ్చు కాబట్టి కల్చర్ మానేయడం ఎటువైపు నుంచి చూసినా తప్పే.

స్ట్రిప్ మీద వచ్చే ప్లస్‌ల సంగతి. ప్రోటీన్ 1+ అంటే డెసిలీటరుకు దాదాపు 30 మిల్లీగ్రాములు, 2+ అంటే 100, 3+ అంటే 300. ఇది గాఢత మాత్రమే, రోజుకు ఎంత పోతోందో చెప్పదు. బాగా నీళ్లు తాగిన మనిషి మూత్రంలో ప్రోటీన్ 30, క్రియాటినిన్ 20 ఉందనుకోండి. స్ట్రిప్ 1+ చూపిస్తుంది, కానీ ప్రోటీన్‌ను క్రియాటినిన్‌తో భాగిస్తే వచ్చే రేషియో 1.5. దాహంతో ఉన్న ఇంకో మనిషికి ప్రోటీన్ 30, క్రియాటినిన్ 200. స్ట్రిప్ అదే 1+, రేషియో మాత్రం 0.15. మొదటామెకు బయాప్సీ (సూదితో కిడ్నీ ముక్క తీసి చూసే పరీక్ష) గురించి ఆలోచించాలి, రెండోమెకు అక్కర్లేదు. రిపోర్టులో మాత్రం ఇద్దరిదీ ఒకే 1+. రోహిణి కార్తె ఎండల్లో మూత్రం చిక్కబడి 1+ రావడం, వానాకాలంలో పలచబడి నిల్ రావడం మామూలే. వాటిని చూసి జబ్బు పెరిగిందనీ తగ్గిందనీ అనుకోవడం సరికాదు.

అందుకే ప్యాకేజీకి బదులు అడగాల్సింది యూరిన్ ప్రోటీన్ క్రియాటినిన్ రేషియో, యూపీసీఆర్. రక్తపరీక్ష అక్కర్లేదు, ఉపవాసం అక్కర్లేదు, ధర కొన్ని వందల్లోనే తేలిపోతుంది. దీనికి మాత్రం పొద్దున లేచిన మొదటి మూత్రమే మంచిది. నిలబడి తిరిగే వేళలో కొందరికి ప్రోటీన్ కాస్త ఎక్కువ పడుతుంది, రాత్రి మూత్రంలో ఆ తేడా ఉండదు. ఇంటికొచ్చి తీసుకెళ్లే సేవ ఈ పరీక్షకు బ్రహ్మాండంగా సరిపోతుంది. డబ్బా మీద తేదీ, టైము రాయించండి, చాలు. జ్వరం ఉన్నప్పుడు, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, పొలంలోనో జిమ్ములోనో ఒళ్లు అలిసిన మర్నాడు ఇవ్వొద్దు, తాత్కాలికంగా పెరుగుతుంది.

అసలు గొడవ ఆర్డరు రాసేటప్పుడు వస్తుంది. 'ప్రోటీన్ క్రియాటినిన్ రేషియో రాయి బాబూ' అంటే, 'మైక్రోఅల్బుమిన్ గదక్కా, షుగరోళ్లకు చేసేది, రెండూ ఒకటే' అని రాసేసుకుంటారు. రెండూ ఒకటి కాదు. మైక్రోఅల్బుమిన్, అంటే యూఏసీఆర్, ప్రోటీన్లలో ఒక రకమైన అల్బుమిన్‌నే కొలుస్తుంది. యూపీసీఆర్ మొత్తం ప్రోటీన్‌ను కొలుస్తుంది. గ్రాముకు మిల్లీగ్రాముల లెక్కలో యూపీసీఆర్ 500 అంటే యూఏసీఆర్ సుమారు 300. ఒకసారి అదీ ఒకసారి ఇదీ చేయించుకుని రెండింటినీ ఒకే వరసలో పెట్టి చూస్తే తగ్గినట్టో పెరిగినట్టో అబద్ధం కనిపిస్తుంది. బిల్లు తీసుకునేటప్పుడే పేరు చదివి చూసుకోవాలి.

యూనిట్లలోనూ ఇదే తికమక. ఒక ల్యాబ్ 0.5 అని వేస్తుంది, ఇంకో ల్యాబ్ 500 అని వేస్తుంది, విదేశీ పద్ధతి పాటించే ల్యాబ్ 50కి కాస్త పైన వేస్తుంది. మూడూ ఒకటే. మొదటిది మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము, రెండోది గ్రాముకు మిల్లీగ్రాములు, మూడోది మిల్లీమోలుకు మిల్లీగ్రాములు. మామూలు మనుషులకు 0.15, 0.2 లోపే ఉంటుంది. లూపస్‌లో 0.5 దాటితే బయాప్సీ గురించి మాట్లాడాల్సిందే, ఇది ప్రధాన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒప్పుకునే గీత. క్రియాటినిన్ కారణం తెలియకుండా పెరుగుతుంటే ఆ గీత దాకా కూడా ఆగరు. ఒకే ల్యాబ్‌లో ఒకే యూనిట్‌లో చేయించుకోవడం, ఫలితం ఊహించనిదైతే వారం పది రోజుల్లో మళ్లీ చేయించుకోవడం, ఈ రెండూ పాటిస్తే సగం తలనొప్పులు పోతాయి.

ఎన్నాళ్లకోసారి? కిడ్నీ ఇంకా బాగున్న లూపస్ మనిషికి ఆరు నెలల నుంచి ఏడాదికోసారి, జబ్బు వేరేచోట ఎగదన్నినప్పుడు వెంటనే. నెఫ్రైటిస్ ఉండి ఇంకా పూర్తిగా అదుపులోకి రానివాళ్లకు కనీసం మూడు నెలలకోసారి. చికిత్స మొదలయ్యాక చూసే లెక్క ఇది: మూడు నెలలకు ప్రోటీన్ కనీసం పాతికశాతం తగ్గాలి, ఆరు నెలలకు సగం, ఏడాదికి 0.5 నుంచి 0.7 లోపుకు రావాలి. మొదట్లోనే రోజుకు మూడు గ్రాములు దాటి పోతున్నవాళ్లకు ఇంకో ఆరు నెలలు, ఏడాది పట్టినా కంగారు పడక్కర్లేదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ మందులు సొంతంగానే ప్రోటీన్ తగ్గిస్తాయి. అవి ఎప్పుడు మొదలుపెట్టారో, డోసు ఎప్పుడు మార్చారో రిపోర్టుల ఫైల్లో ఆ తేదీల దగ్గరే రాసి పెట్టండి, లేకపోతే తగ్గింది ఏ మందుతోనో చెప్పడం కష్టం.

రోజంతా పోయే ప్రోటీన్‌ను నేరుగా కొలవడానికి డాక్టర్ 24 గంటల మూత్రం అడిగితే, చాలామంది దాన్ని తప్పుగా పడతారు. పొద్దున ఆరింటికి లేచి మొదటిసారి పోసింది పారబోయాలి. అప్పటి నుంచి ప్రతి చుక్కా క్యానులోకి, మర్నాడు ఆరింటికి పోసే మొదటిదానితో సహా. క్యాను చల్లటి చోట ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే ఐసు నీళ్ల బకెట్‌లో. సరిగ్గా పట్టారో లేదో చెప్పే సాక్షి ఆ క్యానులోనే ఉంది. ఆడవాళ్లు రోజుకు కిలో బరువుకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల క్రియాటినిన్ విడుస్తారు, మగవాళ్లు 20 నుంచి 25. 50 కిలోల అమ్మాయికి 750 నుంచి 1000 రావాలి. 400 వచ్చిందంటే సగం మూత్రం బాత్‌రూంలోనే పోయింది, ఆ ప్రోటీన్ అంకెను నమ్మి మందు మార్చకూడదు. కాబట్టి 24 గంటల ప్రోటీన్‌తోపాటు 24 గంటల క్రియాటినిన్ వేయని ల్యాబ్ సగం పనే చేసినట్టు. బక్కచిక్కి కండ కరిగిన మనిషికి మాత్రం క్రియాటినిన్ తక్కువ పడి యూపీసీఆర్ ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించవచ్చు, అలాంటప్పుడు ఈ 24 గంటల శ్రమ దండగ కాదు.

ఇంట్లో చూసుకునే 100 స్ట్రిప్‌ల డబ్బా కొనవచ్చా? కొనవచ్చు, కానీ ల్యాబ్‌కు బదులుగా కాదు, రెండు విజిట్ల మధ్య కాపలాకు. స్ట్రిప్‌ను ముంచి వెంటనే తీసి, అంచును డబ్బా మూతికి ఒరిపించి అదనపు తడి వదిలించాలి. ప్రోటీన్, రక్తం గడులు సరిగ్గా 60 సెకన్లకు చదవాలి, తెల్లకణాల గడి రెండు నిమిషాలకు. రెండు నిమిషాలు దాటాక రంగు మారితే లెక్కలోకి రాదు. డబ్బా మూత వెంటనే బిగించాలి, బాత్‌రూంలో పెట్టకూడదు. తేమకు రంగు గడులు పాడైపోతాయి, సముద్రానికి దగ్గరున్న మన ఊళ్లలో మరీ త్వరగా. విటమిన్ సీ బిళ్లలు వేసుకునేవాళ్లకు రక్తం గడి అబద్ధంగా నిల్ చూపిస్తుంది. బ్లీచింగ్‌తో కడిగిన గిన్నెలో పడితే అబద్ధంగా పాజిటివ్ చూపిస్తుంది. వరసగా రెండుసార్లు 2+ వస్తే, లేదా మునుపు లేని రక్తం కనిపిస్తే యూపీసీఆర్‌కు పోవాలి.

సీ3, సీ4 (కాంప్లిమెంట్ ప్రోటీన్లు), యాంటీ డీఎస్ డీఎన్ఏ (లూపస్‌లో కనిపించే యాంటీబాడీ) రక్తపరీక్షలు డాక్టర్ రాసినప్పుడు చేయించుకోండి. మొదటి రెండూ పడిపోవడం, మూడోది పెరగడం జబ్బు వేడెక్కిందని చెబుతాయి కానీ కిడ్నీలో ఏముందో అవి చూడలేవు.

కొత్త మార్కర్ల, అంటే జబ్బును పట్టిచ్చే పదార్థాల, గురించి ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. మూత్రంలో ఎంసీపీ-1, ఎన్‌గాల్, కిమ్-1, ట్వీక్, కరిగిన సీడీ163 వంటివి పరిశోధనల్లో ఆశ పుట్టించాయి. వీటిలో సీడీ163 కాస్త ప్రత్యేకం. కిడ్నీలోకి చేరిన మాక్రోఫేజ్ అనే రక్షణ కణాల నుంచి రాలిపడేది కాబట్టి బయాప్సీలో కనిపించే వాపుతో బాగా సరిపోలుతోంది. పిల్లల్లో ఆరు మార్కర్లను కలిపి రెయిల్ అనే స్కోరు కూడా తయారుచేశారు. కానీ వీటిలో ఏదీ మన దగ్గర మందు మార్చడానికి వాడే స్థాయికి రాలేదు. ఎన్‌గాల్ ఒక్కటి పెద్ద ల్యాబ్‌ల జాబితాల్లో కనిపిస్తుంది. అది ముఖ్యంగా ఐసీయూలో హఠాత్తుగా కిడ్నీ దెబ్బతిన్నవాళ్ల కోసం, పైగా యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ఎవరైనా 'అడ్వాన్స్‌డ్ లూపస్ కిడ్నీ ప్యానెల్' పేరుతో వేలు అడిగితే ఆ డబ్బుతో యూపీసీఆర్ ఎన్నిసార్లు వస్తుందో లెక్కేసుకోండి.

మూత్రం ఎంత బాగా చూసినా లూపస్ కిడ్నీ జబ్బు ఏ క్లాసో, అంటే ఏ రకమో, అది చెప్పలేదు. ప్రోటీన్ 0.6 ఉన్న మనిషికి లోపల క్లాస్ 4 ఉండవచ్చు, నాలుగు గ్రాములు పోతున్న మనిషికి వాపు అంతగా ఉండని క్లాస్ 5 మాత్రమే ఉండవచ్చు. అందుకే బయాప్సీ. స్కాన్ చూస్తూ తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి 16 లేదా 18 గేజి సూదితో రెండు సన్నటి ముక్కలు తీస్తారు. ముందే ఎకోస్ప్రిన్ వంటి రక్తం పలచబరిచే మందులు ఎన్నాళ్లు ఆపాలో డాక్టర్‌ని అడగాలి, బీపీ 140/90 లోపు ఉండాలి. తర్వాత ఆరేడు గంటలు వెల్లకిలా పడుకోవాలి, ఒక రాత్రి ఆస్పత్రిలోనే. మూత్రం ఎర్రగా వస్తే చెప్పాలి. రక్తం ఎక్కించాల్సి రావడం వందలో ఒకరిద్దరికే.

ఈ సేవలో చూడాల్సింది ముక్క ఏ సీసాలోకి పోతోందన్నదే. ఒక ముక్క ఫార్మాలిన్‌లోకి, మామూలు మైక్రోస్కోపీకి. ఇంకో ముక్క ఫార్మాలిన్‌లో పడకూడదు. ఇమ్యునోఫ్లోరెసెన్స్ (ఐఎఫ్, అంటే ముక్కలో దిగబడిన యాంటీబాడీలను వెలిగించి చూసే పరీక్ష) కోసం మైకెల్స్ అనే ప్రత్యేక ద్రావణంలో పంపాలి. చెన్నైకో హైదరాబాద్‌కో కొరియర్‌లో వెళ్లేదానికి ఇది తప్పనిసరి. రెండూ ఫార్మాలిన్‌లో పడిపోతే ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీలు, సీ3, సీ1క్యూ అనే కాంప్లిమెంట్ ప్రోటీన్లు అయిదూ వెలిగే 'ఫుల్ హౌస్' గుర్తును సరిగ్గా చూడలేరు. పారాఫిన్ (మైనం) లో దాచిన ముక్క మీద తర్వాత ఎంతోకొంత రాబట్టవచ్చు కానీ సీ3 బలహీనంగా కనిపిస్తుంది. 'ఐఎఫ్ సీసా మీ దగ్గర ఉందా, తెప్పించాలా?' అని అడ్మిట్ అయ్యే ముందు రోజే అడగండి. ఇది అడిగితే డాక్టర్లు ఏమీ అనుకోరు, మంచి యూనిట్లో వాళ్లే ముందు చెబుతారు.

రిపోర్టు చేతికొచ్చాక మొదటి పేజీలో గ్లొమెరులై, అంటే వడపోత ముడులు, ఎన్ని దొరికాయో చూడండి. కనీసం పది ఉండాలి, ఇరవై దాటితే నిశ్చింత. ఆరు మాత్రమే ఉండి 'క్లాస్ 3' అని రాస్తే అది 4 కూడా కావచ్చు, ఎందుకంటే సగంలోపు గ్లొమెరులైకి వాపుంటే 3, సగం లేదా ఎక్కువైతే 4. తర్వాత రెండు అంకెలు: యాక్టివిటీ ఇండెక్స్ 24కి, క్రానిసిటీ ఇండెక్స్ 12కి. మొదటిది మందుతో ఆర్పగలిగిన వాపు, రెండోది వెనక్కి రాని మచ్చ. యాక్టివిటీ 14, క్రానిసిటీ 1 అయితే గట్టి మందుకు మంచి సమయం. యాక్టివిటీ 2, క్రానిసిటీ 8 అయితే మందు పెంచినా ఆ ప్రోటీన్ పెద్దగా తగ్గకపోవచ్చు, బీపీ, ఉప్పు మీద దృష్టి పెట్టాలి. ఈ రెండంకెలు లేని రిపోర్టు అసంపూర్తి, పాథాలజిస్టుకు ఫోన్ చేసి వేయమని అడగండి.

రిపోర్టుతోపాటు స్లైడ్లు, పారాఫిన్ బ్లాక్ కూడా అడిగి తెచ్చుకోండి. రెండు మూడేళ్ల తర్వాత మళ్లీ బయాప్సీ చేస్తే పక్కపక్కన పెట్టి పోల్చడానికి అవే ఆధారం. ఇమ్యునోఫ్లోరెసెన్స్ స్లైడ్ మీది వెలుగు మాత్రం కాలంతో వెలిసిపోతుంది, దాచినా పనికిరాదు. ఆ ఫొటోలు రిపోర్టులోనే అచ్చయి ఉన్నాయో లేదో చూసుకుని తర్వాతే సంతకం పెట్టి తీసుకోండి.